గళ్ల నేతలో కదలిక

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో జకార్డు లేని మన నేత కుటుంబములకు ఈ నాలుగు మాటలు. గళ్లన్నియు ఒకే కొలతయైనచో చూపు నిలిచిపోవును. 1961లో బ్రిజెట్ రైలీ అను ఆంగ్ల చిత్రకారిణి నలుపు తెలుపు గళ్ల వెడల్పును క్రమముగా తగ్గించి, మరల పెంచి ఒక చిత్రము వేసెను. చదునైన పటమే లోనికి మడత పడినట్లు కనబడును. ఆమెకు కుంచె కావలసివచ్చెను, మనకు పడుగు చాలును! రెండు రంగుల పోగులను మార్చి మార్చి 40, 32, 24, 16, 8గా తగ్గించి, అదే వరుసన పెంచుడు. పేక ఎప్పటివలె సమానముగా నేయవచ్చును. పడుగు పేకలు కలియుచోట రంగులు కలియును గనుక ఆ చిత్రమంత పదును రాదు. కదలిక మాత్రము వచ్చును. పడుగు చారలు ఒంటిచుట్టు అడ్డముగా తిరుగును గనుక ఈ తగ్గుదల కుచ్చిళ్లలోను చెడదు. పేకలో చేసిన మార్పు మడతలలో మాయమగును. దానిని పైటకొంగునకే ఉంచుడు.