వినికిడి పరీక్షకు చదివే అమ్మాయి



అమ్మాయి ఇంటర్లో సైన్సు తీసుకుందంటే చాలు, డాక్టరా, నర్సా, టీచరమ్మా అనే మూడు మాటలే మన ఇళ్ళల్లో వినబడతాయి. నాలుగో దారి ఒకటుంది. దాన్ని ఆడియాలజీ అంటారు, అంటే వినికిడి శాస్త్రం. చెవికి ఆపరేషను చేసేది ఇ.ఎన్.టి. డాక్టరు. చెవి ఎంతవరకు వింటున్నది, లోపం ఎక్కడున్నది, ఏ యంత్రం పెడితే మాట అందుతుంది అని కొలిచి తేల్చేది ఆడియాలజిస్టు.

ఈ చదువుతో మనకేం పని అంటారేమో. బిడ్డకు రెండేళ్ళు దాటినా మాట రాకపోతే, మన వైపు అవ్వలు "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే వచ్చాయి లేమ్మా" అని సర్దిచెబుతారు. కాలం గడిచిపోతుంది. మాట బాగా పట్టుబడేది మొదటి రెండు మూడేళ్ళలోనే గదా! అందుకే పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష, మూడు నెలల్లోగా నిర్ధారణ, ఆరు నెలల్లోగా చికిత్స మొదలు కావాలని ఈ శాస్త్రం చెబుతుంది. పుట్టుచెవుడులో తల్లివైపూ తండ్రివైపూ దాగి ఉన్న లోపం బిడ్డలో కలిసి బయటపడే రకం ఒకటుంది. మేనరికాల్లో ఆ ప్రమాదం హెచ్చు. ప్రతి మేనరికంలోనూ ఇలా అవుతుందని కాదు, జాగ్రత్తపడాలని మాత్రమే.

తిరుపతిలో టి.టి.డి. వారి బధిరుల పాఠశాల ఉంది. వారిదే "శ్రవణం" కేంద్రంలో చిన్నపిల్లలకు, తల్లులను కూడా కూర్చోబెట్టుకుని, మాట నేర్పుతారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మారిన పథకంలో కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషను కూడా ఉంది. అయితే ఆపరేషనుతోనే పని తీరదు. ఆ యంత్రాన్ని బిడ్డకు తగినట్టు మళ్ళీ మళ్ళీ సరిచేయాలి. ఆ చేతులే మనకు కావలసినవి.

ఇక చదువు సంగతి. ఇంటర్ సైన్సు తర్వాత బి.ఎ.ఎస్.ఎల్.పి. అనే డిగ్రీ చేయాలి. మొత్తం నాలుగేళ్ళు, చివరి ఏడు ఇంటర్న్‌షిప్పు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువుకు పేరుపడ్డది. బొంబాయిలో 1983లో వచ్చిన అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. డిగ్రీ అయ్యాక 1992 నాటి చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేకుండా ఈ వృత్తి చేయరాదు.

అమెరికాలో పనిచేయాలనుకునే అమ్మాయికి మరో మెట్టు ఉంది. అక్కడ ఆడియాలజీలో డాక్టరు పట్టా చదివి, ప్రాక్సిస్ అనే పరీక్ష పాసు కావాలి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. 100 నుంచి 200 వరకు ఉండే కొలతలో 162 వస్తే అక్కడి వృత్తి సంఘం సర్టిఫికెట్టుకు సరిపోతుంది. చాలామంది పిల్లలు చెవి నిర్మాణం బొమ్మలు వేస్తూనే నెలలు గడిపేస్తారు. ఆ ప్రాథమిక విషయాలకు వచ్చేది పదోవంతు ప్రశ్నలే. రోగిని పరీక్షించి తేల్చడం మీద నూటికి నలభై, చికిత్స మీద ముప్ఫై. కాబట్టి పొద్దున తాజాగా ఉన్నప్పుడు ఈ రెండూ చదివి, మిగతావి సాయంత్రానికి పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆడియోగ్రాం చదవడం చేతికి రావాలి. అదొక గళ్ళ కాగితం. ఎడమవైపు 250 హెర్ట్జ్ దగ్గర మృదంగం వంటి లోతు శబ్దం, కుడివైపు 8000 దగ్గర కీచు శబ్దం. కిందికి దిగేకొద్దీ శబ్దం గట్టిది. కుడిచెవికి ఎర్ర సున్న, ఎడమచెవికి నీలం గుణకారం గుర్తు. 25 డెసిబెల్స్ లోపల వినబడితే పెద్దవాళ్ళకు మామూలు, 90 దాటితే చాలా తీవ్రమైన చెవుడు. "వినబడుతోంది గానీ అర్థం కావడం లేదమ్మా" అని తాతగారు అంటారు చూడండి, ఆయన గీత తరచు కుడివైపున కిందికి జారి ఉంటుంది. అచ్చుల బలం వినబడుతుంది, స, ష వంటి హల్లులు జారిపోతాయి.

పిల్లలు భయపడేది మాస్కింగు అనే పాఠానికి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చిన్నవాణ్ణి ప్రశ్న అడిగితే పెద్దవాడు జవాబు చెప్పేస్తాడు గదా! చెవులూ అంతే. ఒక చెవికి హెడ్‌ఫోనులో సుమారు 40 డెసిబెల్స్ దాటి ఇస్తే, శబ్దం పుర్రె ఎముక గుండా అవతలి చెవికి చేరి, అదే విని జవాబిచ్చేయవచ్చు. అందుకని బాగున్న చెవిలో హోరు పెట్టి, దానికి పని కల్పించి, రెండోదాన్ని పరీక్షిస్తారు. ఇలా ఇంటి మాటల్లో పెట్టుకుంటే లెక్కలు వాటంతటవే కుదురుతాయి. పసిపిల్లల విషయంలో ఒక్క పరీక్షనే నమ్మరాదు, మరో దానితో సరిచూడాలని జెర్గర్, హేస్ అనే శాస్త్రజ్ఞులు 1976లో చెప్పినదీ మరువరాదు.

తల్లులుగా మనం చేయగలిగింది ఉంది. అమ్మాయిని పాఠం మనకు చెప్పమనండి. మనకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే దానికి వచ్చినట్టే. వారానికొకసారి గడియారం పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టండి. ఆ సమయంలో చుట్టాలు వచ్చినా కాఫీ మనమే కలుపుదాం, టి.వి. తగ్గిద్దాం.

చివరగా ఒక్క మాట. ఇంటర్న్‌షిప్పు ఏడాదిలోనే సరిగ్గా సంబంధాలు వస్తాయి. "పెళ్ళయ్యాక చదువుకుంటుందిలే" అనడం సులువు. మధ్యలో ఆగిన ఇంటర్న్‌షిప్పు డిగ్రీ కాదు, డిగ్రీ లేనిదే నమోదు లేదు, నమోదు లేనిదే ఉద్యోగం లేదు. సంబంధం మంచిదైతే ఒక్క ఏడు ఆగుతుంది. చెవిటి బిడ్డ మాట నేర్చే వయసు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆ బిడ్డ కోసం ఎదురుచూస్తున్నది మన అమ్మాయి లాంటి అమ్మాయి కోసమే సుమా!