వానలో మూడు ఆమడల పరుగు

మన తెలుగువాళ్ళకు పరుగు మీద మొదటినుంచీ గౌరవం తక్కువ. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడమే మేలని సామెత కట్టారు పెద్దలు. భయపడి పారిపోయినవాడు "కాళ్ళకు బుద్ధి చెప్పాడు" అన్నారు. పొద్దున్నే లేచి పిల్లల్ని బడికీ, ఆయన్ని ఆఫీసుకూ పంపే యే ఇల్లాలినైనా పలకరించండి, "అబ్బ, ఒకటే ఉరుకులూ పరుగులూ!" అంటుంది. భయం, ఆశ, తొందర - యీ మూడింటికే మనం పరుగును వాడుకున్నాం.

ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నేను, నలభై నాలుగో యేట, శ్రావణమాసపు వానలో నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తానంటే మా బంధువులు ఇంకా నమ్మరు. నమ్మినవాళ్ళు "ఎవరు తరిమారమ్మా?" అని అడుగుతారు. అలాంటి ఆలోచన మనసులో వుండి, బయటికి చెప్పడానికి జంకే సోదరీమణులకు పనికివస్తుందేమోనని యీ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇంతకూ ఆ దూరం యెక్కడిది?

గ్రీసు దేశంలో మారథాన్ అనే చోట యుద్ధం గెలిచిన వార్తను ఒక భటుడు పరుగున ఏథెన్సుకు చేరవేసి ప్రాణం విడిచాడని ఒక కథ వుంది. ఆ కథ గుర్తుగా 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్సులో మారథాన్ పరుగు పెట్టారు. అప్పటి దూరం సుమారు 40 కిలోమీటర్లు. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు యువకుడు.

1908లో లండన్ ఒలింపిక్సులో పరుగును విండ్సర్ రాజభవనం దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు. అది లెక్కకు 42 కిలోమీటర్ల 195 మీటర్లు వచ్చింది. 1921లో అదే దూరాన్ని ఖాయం చేశారు. అంటే ఆ చివరి 195 మీటర్లూ రాజుగారి ఇంటి చలవ! మన పాత లెక్కల్లో చెప్పాలంటే పదమూడు కోసులు. మూడు ఆమడల పైచిలుకు. పూర్వం యెడ్లబండి కట్టుకుని, దారిలో ఒక పూట ఆగి వెళ్ళే దూరం.

మనకు తలుపు తెరిచింది యెన్నడు?

యీ పరుగులోకి ఆడవాళ్ళు రావడానికి చాలా యేళ్ళు పట్టింది. 1928 ఒలింపిక్సులో స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టి, అదే వారి శక్తికి మించిన పని అని మరుసటిసారి తీసివేశారు. మళ్ళీ 1960 దాకా దాని ఊసు లేదు. ఇక మారథాన్ మాట యెవరెత్తుతారు?

1967లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, మంచూ వానా కలిసి కురుస్తున్న ఒక చలిరోజున, కాథరీన్ స్విట్జర్ అనే కాలేజీ విద్యార్థిని "కె. వి. స్విట్జర్" అని పొడి అక్షరాలతో పేరు నమోదు చేసుకుని పరుగుకు వచ్చింది. చలికి అందరిలాగే ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకుంది. దారిలో ఒక నిర్వాహకుడు ఆమె ఆడపిల్ల అని గమనించి, వెంటపడి, ఒంటిమీది 261వ నెంబరు చీటీని లాగెయ్యబోయాడు. పక్కనున్నవాళ్ళు అతన్ని నెట్టేశారు. ఆమె ఆగలేదు, పరుగు పూర్తిచేసింది. బోస్టన్‌లో స్త్రీలను అధికారికంగా అనుమతించింది 1972లో. ఒలింపిక్సులో స్త్రీల మారథాన్ వచ్చింది 1984లో. ఆ యేడు గెలిచిన జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. 2017లో, డెబ్బై యేళ్ళ వయసులో, కాథరీన్ స్విట్జర్ మళ్ళీ అదే 261వ నెంబరుతో బోస్టన్‌లో పరుగెత్తింది.

పుట్టింటి ఆస్తి

నా మట్టుకు నేను చరిత్ర సృష్టించడానికి బయలుదేరలేదు. మా అమ్మకు చక్కెర వ్యాధి. చివరి రెండేళ్ళూ మంచం మీంచి వరండాలోకి రావడానికే ఆమెకు ఒకరు చెయ్యి పట్టుకోవలసి వచ్చేది. గుమ్మం దాకా వచ్చి, సందులో ఆడుకునే పిల్లల కాళ్ళవంక చూస్తూ కూర్చునేది. నాకు నలభై మూడు నిండిన యేడు రక్తపరీక్షలో మూడు నెలల సగటు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా గుమ్మం దగ్గర నిలబడినట్టేననీ, ఆ పైన లోపలికి వచ్చినట్టేననీ డాక్టరుగారు చెప్పారు. పుట్టింటివారు ఇచ్చిన ఆస్తిలో యిదొకటి మాత్రం నాకు వద్దనుకున్నాను.

మొదట నడక. తరువాత రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల నీడన రోడ్లు బాగుంటాయి. తెల్లవారుజామున అక్కడ పరుగెత్తేవాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళు, నాకంటే లావైనవాళ్ళు కనిపించేసరికి బెరుకు పోయింది. ఆరు నెలలకు పది కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళగలిగాను. పూర్తి మారథాన్‌కు పద్దెనిమిది వారాల శిక్షణ: వారంలో మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం పెద్ద పరుగు. అన్నింటికన్నా పెద్దది 32 కిలోమీటర్లు. చివరి మూడు వారాలూ పరుగు తగ్గిస్తూ వచ్చి, కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంట్లో యేమన్నారని అడుగుతారు గదూ? మావారు ఆదివారాలు కాఫీ కలపడం నేర్చుకున్నారు. అత్తయ్యగారు మొదట్లో "వయసొచ్చిన ఆడపిల్లను ఇంట్లో పెట్టుకుని నువ్వు రోడ్లమీద పరుగెత్తడమేమిటమ్మా?" అన్నారు. నాలుగు నెలలయ్యాక, నేను బద్ధకించి పడుకున్న ఒక ఆదివారం నాడు ఆవిడే వచ్చి, "ఇవాళ లేవలేదేం?" అని దుప్పటి లాగేశారు!

వాన మంచిదా, చెడ్డదా?

పరుగెత్తేవాడి ఒంట్లో పుట్టే శక్తిలో చాలా భాగం వేడిగా మారుతుంది. ఆ వేడిని చెమట ఆరడంవల్ల శరీరం వదిలించుకుంటుంది. ఉక్కబోతలో చెమట కారుతుందేగాని ఆరదు; అందుకే ఎండాకాలపు పరుగు ప్రమాదం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో మండుటెండకు పోర్చుగల్ దేశపు ఫ్రాన్సిస్కో లజారో పడిపోయి, మరునాడు మరణించాడు. ఆ లెక్కన సన్నని వాన వరమే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్ వానలోనే జరిగింది. మన దేశపు శివనాథ్ సింగ్ ఆ పరుగులో పదకొండో స్థానం సంపాదించాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తుతాడని పేరుపడ్డ ఆ సైనికుడే 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకు పూర్తిచేసి నెలకొల్పిన భారత రికార్డును నలభై యేళ్ళకు పైగా యెవరూ చెరపలేకపోయారు.

కాని వానకు చలీ, ఎదురుగాలీ తోడైతే కథ వేరు. 2018 ఏప్రిల్‌లో బోస్టన్‌లో అదే జరిగింది. పేరు మోసిన వాళ్ళు పలువురు మధ్యలోనే ఆగిపోయారు. అప్పట్లో జపానులో ఒక పాఠశాల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్న యూకీ కవౌచీ పురుషుల్లో గెలిచాడు. స్త్రీలలో గెలిచిన డెస్ లిండెన్ కథ ఇంకా బాగుంటుంది. మొదట్లోనే ఆమెకు ఒంట్లో బాగాలేక, ఇవాళ ఆగిపోతాననుకుని, తోటి క్రీడాకారిణి షలేన్ ఫ్లానగన్‌తో "నీకేదైనా సాయం కావలిస్తే చెప్పు" అన్నది. ఫ్లానగన్ మధ్యలో దారి పక్కకు వెళ్ళవలసి వస్తే, ఆమెకోసం నెమ్మదించి కాచుకుని మళ్ళీ గుంపులో కలిపింది. ఒకరికి సాయం చేస్తూ చేస్తూ తన నీరసం మరిచిపోయింది కాబోలు, చివరికి తానే గెలిచింది. ముప్ఫై మూడేళ్ళ తరువాత అక్కడ గెలిచిన అమెరికన్ స్త్రీ ఆమె.

ఆ ఆదివారం

హైదరాబాదు మారథాన్ 2011లో మొదలైంది. ఆగస్టు నెలలో జరుగుతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా దగ్గర బయలుదేరి, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మీదుగా, దుర్గం చెరువు తీగల వంతెన దాటి, గచ్చిబౌలి స్టేడియం చేరాలి. యెక్కడా సమతలం తక్కువ. కొండ దిగితే ఫ్లైవోవర్, ఫ్లైవోవర్ దిగితే కొండ.

నేను పరుగెత్తిన యేడు ముందురాత్రి నుంచే ముసురు పట్టింది. తెల్లవారకముందే చెరువు ఒడ్డుకు చేరేసరికి తుప్పర పడుతున్నది. బంజారాహిల్స్ ఎక్కేటప్పటికి జల్లు. తీగల వంతెన మీద గాలివాన. ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక కుండపోత. చినుకు, తుప్పర, జల్లు, ముసురు, జడి అని తరగతిలో నేను పిల్లలకు తేడాలు విడమరిచి చెప్పే మాటలన్నీ ఒక్క ఉదయంలో నా నెత్తిమీదే పడ్డాయి.

శరీరంలో దాచుకున్న పిండిపదార్థపు శక్తి చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. పరుగెత్తేవాళ్ళు దాన్ని "గోడ" అంటారు. నా గోడ 34వ కిలోమీటరు దగ్గర వచ్చింది. బూట్లలో నీళ్ళు చేరి కాళ్ళు ఇటుకల్లా వున్నాయి. చీలమండ దాకా నీరు. నిలబడితే చలి, పరుగెత్తితే నొప్పి. వెనక, గడువు దాటినవాళ్ళను ఎక్కించుకునే బస్సు మెల్లగా వస్తున్నది. కిటికీలోంచి వెచ్చని దీపం వెలుగు. అందులో ఒక సీటు నన్ను పిలుస్తున్నట్టే అనిపించింది.

పక్కనే పరుగెత్తుతున్న ఒక పెద్దాయన, రిటైరైన బ్యాంకు ఉద్యోగట, "అమ్మా, బస్సును చూడకండి. ముందున్న కరెంటు స్తంభాన్ని చూడండి. అక్కడిదాకా పరుగు, తరువాతి స్తంభందాకా నడక" అన్నారు. అలా స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాం. కూడలిలో తడిసి ముద్దవుతూ నిలబడ్డ పోలీసు ఒకాయన "ఇగ జరంతనే ఉన్నదమ్మా, ఉరుకు!" అని కేకేశాడు. ఆ "జరంత" ఇంకా ఆరు కిలోమీటర్లని నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు గ్లూకోజులా పనిచేసింది. నొప్పి పెట్టే ఆ కాళ్ళవంక చూసుకున్నప్పుడల్లా వరండాలో కూర్చున్న మా అమ్మ గుర్తుకొచ్చింది. నొప్పి పెడుతున్నాయంటే పనిచేస్తున్నాయన్నమాటే గదా!

5 గంటల 48 నిమిషాలకు స్టేడియంలో గీత దాటాను. మా అమ్మాయి తువ్వాలు కప్పి, "వణుకుతున్నావు, ముందు బట్టలు మార్చుకో" అని నన్ను మందలించింది. ఆ యేడు పరీక్షలో నా సగటు 5.6.

వానలో దిగదలచిన వారికి

నలభై దాటినవారు మొదట డాక్టరుకు చూపించుకోవాలి. నూలు బట్టలు తడిస్తే బరువెక్కి ఒరుసుకుంటాయి. పలచని సింథటిక్ దుస్తులే మేలు. కాలివేళ్ళకూ, తొడలకూ, బట్ట ఒరుసుకునే ప్రతిచోటా వాజ్‌లైన్ దట్టంగా రాయాలి. ముందు చూరున్న టోపీ కళ్ళలో నీళ్ళు పడనివ్వదు. బయలుదేరే దాకా పెద్ద ప్లాస్టిక్ సంచీకి తలదూర్చే కంత చేసి తొడుక్కోవచ్చు. కొత్త బూట్లు ఆ రోజుకని దాచుకోకూడదు.

వానలో దాహం తెలియదని నీళ్ళు మానకూడదు, భయపడి అతిగానూ తాగకూడదు. మరీ యెక్కువ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పుచ్చుకోవాలి. ఉరుములూ మెరుపులూ వుంటే మాత్రం పంతం పనికిరాదు. ఆగి, గట్టి కప్పు కింద చేరాలి. పరుగు ముగిసిన వెంటనే పొడిబట్టలు కట్టుకోవాలి. తడి బూట్లలో పాత వారపత్రికల కాగితాలు కుక్కితే తొందరగా ఆరతాయి. సీరియల్ చదివేశాక సుమా!

నలభై రెండు కిలోమీటర్లు అందరికీ అక్కరలేదు. సందు చివరి దాకా వెళ్ళి రాగలిగితే, రేపు ఇంకో సందు. మొదటి వారం కుక్కలు మొరుగుతాయి, రెండోవారం పాలబ్బాయి నవ్వుతాడు, మూడోవారం పక్కింటి పిన్నిగారు బూట్లు యెక్కడ కొన్నావని అడుగుతుంది. తాగేది పాలో, నీళ్ళో తరువాత చూసుకుందాం. ముందు కుర్చీలోంచి లేవండి.