మిద్దె గదికి ఏ ప్రొజెక్టరు?

మైదుకూరులో మిద్దె మీద గది వేసుకుని హోం థియేటరు పెట్టాలనుకునేవాళ్లు అంగట్లో ముందు ధర అడుగుతారు. అంతకంటే ముందు టేపు పట్టుకుని గది కొలవాలి.

సినిమా హాల్లో వెలుగు మన వెనకనుంచి, తలల మీదుగా తెర మీదికి పోతుంది. లాంగ్ త్రో అంటే అదే. ప్రొజెక్టరుకూ తెరకూ ఉన్న దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే త్రో నిష్పత్తి వస్తుంది. 100 అంగుళాల తెర వెడల్పు సుమారు 7 అడుగుల 3 అంగుళాలు. నిష్పత్తి 1.3 అయితే యంత్రాన్ని తొమ్మిదిన్నర అడుగుల అవతల బిగించాలి. అల్ట్రా షార్ట్ త్రోలో నిష్పత్తి 0.25 దరిదాపుల్లో ఉంటుంది, 22 అంగుళాలు చాలు. లోపలి వంపు అద్దం బొమ్మను కిందనుంచి ఏటవాలుగా గోడకెక్కిస్తుంది. పిల్లోడు లేచి నిలబడినా హీరో మొహం మీద నీడ పడదు. అయితే యంత్రం పిల్లల ఎత్తులోనే ఉంటుంది, వాళ్లు లెన్సులోకి తొంగిచూడకుండా కనిపెట్టుకోవాలి.

తిరకాసంతా ఆ ఏటవాలులోనే ఉంది. పొద్దుగూకే ఎండలో దున్నిన చేను చూడండి, ప్రతి మట్టిగడ్డకూ పొడుగు నీడే. గోడ పూతలోని మిట్టపల్లాలు అలాగే బయటపడతాయి. చుట్టేసే మామూలు తెర ముడతలూ అంతే. చట్రానికి బిగించిన తెర కావాలి. యంత్రం ఒక్క సెంటీమీటరు జరిగితే బొమ్మ వెడల్పు 4 సెంటీమీటర్లు మారుతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా మళ్లీ సర్దుకోవాల్సిందే.

నలుపు రంగును వేసే ప్రొజెక్టరు ఎక్కడా లేదు. గదిలో వెలుగుకు తెర ఎంత తెల్లగా ఉంటే సినిమాలో చీకటీ అంత తెల్లగానే ఉంటుంది. మన జిల్లాలో పుట్టిన నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి నిర్మించిన 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపు ప్రతిని ట్యూబులైటు కింద వేస్తే నలుపు కాస్తా బూడిదవుతుంది. అల్ట్రా షార్ట్ త్రో కోసమే చేసిన తెరల మీద సన్నని అడ్డగట్లుంటాయి. వాటి కిందివాలు ప్రొజెక్టరు వెలుగును మనవైపు తిప్పుతుంది, పైవాలు సీలింగు లైటును మింగేస్తుంది. ఎదురు కిటికీ ఎండను మాత్రం అంతగా ఆపలేదు.

లేజరు రెండు రకాల్లోనూ దొరుకుతుంది. కంపెనీలు సాధారణంగా దాని ఆయుష్షు 20,000 గంటలంటాయి. రోజుకు 4 గంటల చొప్పున 13 ఏళ్లు దాటుతుంది.

నన్నడిగితే, నలుగురూ తిరిగే హాలుకు అల్ట్రా షార్ట్ త్రో, అదీ తెర ఖర్చు కలుపుకునే. తెరకు డబ్బు చాలకపోతే పెద్ద టీవీయే మేలు. చీకటి చేయగల పైగదికి లాంగ్ త్రో. మధ్యాహ్నం 3 గంటలకు తలుపులూ కిటికీలూ మూసి చేతిలోకి పేపరు తీసుకోండి. అక్షరాలు కనబడుతుంటే ముందు మందపాటి పరదాలు కొనండి.