ముచ్చెలు కొట్టిన పాట

పాట గాలిలో పుట్టి గాలిలో కలిసిపోతుందని వెనకటి పెద్దలు అనుకునేవారు. గ్రామఫోను ప్లేటు వచ్చాక ఆ మాట సగం మారింది. కంప్యూటరు వచ్చాక పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు పాటను దాచుకోవడమే కాదు, దాన్ని కోసి, తునకలు చేసి, ఆ తునకలతో మరో పాట కట్టుకోవచ్చు. ఇట్లా తీసుకున్న ధ్వని ముక్కనే సాంపిల్ అంటారు. పెండ్లి బరాత్‌లోనో, గణేశ్ నిమజ్జనంలోనో డీజే పెట్టెల ముందు చిందులేసే మన విద్యార్థి మిత్రులు చాలావరకు వింటున్నది ఈ తునకల పాటనే. అది ఎట్లా తయారవుతుంది? అందులో ఎవరి సొత్తు ఎంత? ఈ రెండు సంగతులూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కోత ఎక్కడ మొదలైంది?

1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియేర్ షఫేర్ అనే ఇంజనీరు రైలుబండ్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటినే మార్చి మార్చి పేర్చి ఒక సంగీత రచన చేశాడు. వీణ లేదు, వయొలిన్ లేదు. ఇంజను చప్పుడే సంగీతమైంది. తరువాత టేపు వాడుకలోకి వచ్చాక బ్లేడుతో కోసి అతికించే పద్ధతి సాగింది. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకుని, హార్మోనియం మెట్ల వంటి మెట్ల మీద వాయించే వీలు కల్పించింది. దాని ధర మాత్రం మామూలు మనిషికి అందేది కాదు. 1988లో జపాను కంపెనీ అకాయ్ ఎంపీసీ 60 అనే పెట్టెను తెచ్చింది. దానిమీద 16 రబ్బరు మీటలుండేవి. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క ధ్వని తునక అమర్చి వేళ్లతో తాళం వేసినట్టు వాయించవచ్చు. ఈనాడు ఆ పెట్టె చేసే పనంతా ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయి. కోత వరకైతే ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు.

కన్ను చూసి కొట్టాలి

ఇక పని విధానం. మన బోధన్ వైపు చెరకు నాటినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. విత్తనపు గడను ముచ్చెలుగా కొట్టేటప్పుడు ఇష్టమొచ్చిన చోట కొట్టరు. ప్రతి ముచ్చెకూ రెండో మూడో కళ్లుండాలి, ఆ కంటికి దెబ్బ తగలకూడదు. కన్ను పోతే మొలక రాదు.

ధ్వనికీ కన్ను వుంది. డప్పు మీద పుల్ల పడ్డ క్షణంలో తెరమీద గీత ఒక్కసారి నిటారుగా లేస్తుంది, తరువాత మెల్లగా సన్నబడుతుంది. ఆ లేచే చోటే కన్ను. దానికి రవ్వంత ముందు కోయాలి. ఆలస్యంగా కోస్తే దెబ్బలోని పదును పోయి చప్పుడు మెత్తబడుతుంది. మరీ ముందుగా కోస్తే తునక మొదట్లో ఖాళీ మిగిలి తాళం వెనకబడుతుంది.

రెండో జాగ్రత్త: గీత సున్నాను దాటే చోట కోయాలి. గీత పైన వున్నప్పుడు తెగ్గోస్తే స్పీకరు పొర ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది, 'టిక్' మని చప్పుడొస్తుంది. అట్లాంటి చోటు దొరక్కపోతే తునకకు ఇరుకొసలా రెండు నుంచి ఐదు మిల్లీ సెకన్ల పాటు ధ్వనిని సన్నగిలజేస్తే సరి. చెవికి తెలియదు, టిక్కు మాయమవుతుంది.

లెక్క ఏమంటే...

సీడీలో ఒక సెకను ధ్వనిని 44,100 అంకెలుగా రాస్తారు. నిమిషానికి 120 దెబ్బల వేగమంటే దెబ్బకు అర సెకను, అంటే 22,050 అంకెలు. మన దగ్గర నిమిషానికి 100 దెబ్బల వేగంతో రికార్డు చేసిన డప్పు వుందనుకుందాం. దాన్ని 120కి తేవాలి. టేపును తొందరగా తిప్పినట్టు ఊరికే వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఒక స్వరస్థానం పెరగాలంటే సుమారు ఆరు శాతం వేగం చాలు. కాబట్టి ఇరవై శాతం పెంచితే మూడు స్వరస్థానాలకు పైగా ఎగబాకుతుంది. గంభీరమైన డప్పు కాస్తా రేకు డబ్బా అవుతుంది.

అదే, దెబ్బ దెబ్బకూ కోసి, ఒక్కొక్క తునకను అర సెకనుకొకటి చొప్పున పేర్చామనుకోండి: వేగం మారింది, డప్పు గొంతు మారలేదు. కోతలోని కిటుకంతా ఇదే. వేగం తగ్గించేటప్పుడు మాత్రం తునకల మధ్య ఖాళీలు పడతాయి. 100 నుంచి 80కి దించితే దెబ్బకు 0.15 సెకను ఖాళీ. అక్కడ వెనకటి దెబ్బ తాలూకు మోతను సాగదీసి పూడ్చుకోవాలి.

ఇంకొక మాట. డప్పును మంటకు కాచి బిగువు తెస్తారని మనకు తెలుసు. కాచక ముందు తీసిన తునకనూ, కాచిన తరువాత తీసిన తునకనూ ఒకే వరుసలో పెడితే అతకవు. సిర్రతో కొట్టిన దెబ్బ వేరు, చిటికెన పుల్లతో కొట్టినది వేరు. వాద్యం తెలిసినవాడే మంచి కోతగాడవుతాడు గాని, సాఫ్ట్‌వేరు ఒక్కటే తెలిస్తే చాలదు.

మన పాట దేశాలు తిరిగిన కథ

1978లో వచ్చిన తెలుగు సినిమా 'మరో చరిత్ర'ను కె. బాలచందర్ 1981లో 'ఏక్ దూజే కే లియే' పేరుతో హిందీలో తీశారు. అందులో లతా మంగేష్కర్, మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన 'తేరే మేరే బీచ్ మేఁ' పాటకు సంగీతం లక్ష్మీకాంత్-ప్యారేలాల్. ఆ పాటలోని వయొలిన్ల బృందనాదాన్ని స్వీడన్ సంగీతకారులు బ్లడ్‌షై, అవాంట్ తునకలుగా తీసి, మార్చి పేర్చి, బ్రిట్నీ స్పియర్స్ పాడిన 'టాక్సిక్'కు వాడుకున్నారు. ఆ పాట 2003లో ఆల్బంలో వచ్చి, 2005లో గ్రామీ బహుమతి పొందింది. బొంబాయి వాద్యబృందం వాయించిన కొన్ని క్షణాల నాదం ప్రపంచమంతా మోగింది. విన్నవాళ్లలో ఎందరికి దాని పుట్టుక తెలుసు?

ఇంతకంటే బాధాకరమైన కథ ఇంకోటి. 1969లో 'ది విన్‌స్టన్స్' అనే అమెరికా బృందం రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ ఏడు సెకన్ల లోపు ఒంటరిగా డ్రమ్ములు వాయించాడు. ఆ ముక్కను కోసి వేలాది పాటల్లో వాడుకున్నారు. దానిమీద కొత్త సంగీత శైలులే పుట్టాయి. కోల్‌మన్‌కు దానిమీద రాయల్టీ పైసా ముట్టలేదు. 2006లో ఆయన నిరుపేదగా కన్నుమూశాడు.

దూరపు కథ అనుకోకండి. మన ఊళ్లలో పెండ్లికి డప్పు కళాకారులను పిలవడం తగ్గింది, డీజే పెట్టెలను పిలవడం పెరిగింది. ఆ పెట్టెలో మోగేదేమిటి? మళ్లీ తీన్మార్ దెబ్బే! ఎవరో ఒక కళాకారుడు ఎప్పుడో కొట్టిన దెబ్బ తునకై, ఈనాడు ఆయన కూలికే పోటీగా నిలబడింది.

చట్టం ఏమంటుంది?

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఒకరి రికార్డింగును ఇంకో రికార్డింగులో చేర్చే హక్కు దాని యజమానిదే. "రెండు సెకన్లే కదా, పరవాలేదు" అనే మాట మనవాళ్లలో ప్రచారంలో వుంది గాని, చట్టంలో అట్లాంటి సెకన్ల మినహాయింపు లేదు. జానపదం ఎవరి సొత్తూ కాదు కదా అంటారా? పాట అందరిదే, పాడిన గొంతు మాత్రం ఒక మనిషిది. 1994 సవరణతో పాడేవారికీ, వాయించేవారికీ ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ ఆ హక్కును మరింత బలపరిచింది. బతుకమ్మ ఆడుతూ పాడే అక్కకూ, ఒగ్గుడోలు కొట్టే అన్నకూ ఈ హక్కు వర్తిస్తుంది.

కాబట్టి డీజే మిక్సులు చేసే మిత్రులకు ఒక సూచన. ఎవరో కోసిన తునకను మళ్లీ కోసే బదులు, మోస్రా, వర్ని, బోధన్ గ్రామాల్లోని కళాకారుల దగ్గరికే వెళ్లండి. ముందు అడగండి, ఒప్పుకున్న పైకం ఇవ్వండి, రికార్డు చేయండి. ప్రతి ఫైలు మీద ఊరు, వాద్యం, వాయించినవారి పేరు, తేదీ రాసిపెట్టండి. 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడే మోతను ఇప్పుడు కొత్తగా రికార్డు చేద్దామంటే కుదరదు. డప్పు కొట్టే చేతులు ఇంకా మన మధ్యనే వున్నాయి. యూనియన్ పూనుకుంటే ఈ పని ఒక వేసవి సెలవుల్లో మొదలుపెట్టవచ్చు. దానికి కావలసింది ఒక సెల్‌ఫోను, ఒక నోటు పుస్తకం, కొంచెం మర్యాద.