డ్రాగన్‌కు ఇల్లు కట్టిన వనిత

1928 అక్టోబరు 23వ తేదీన లండన్ జంతుశాస్త్ర సమాజం సభ జరుగుతున్నది. పండితుల ఎదుట ఒక కొమోడో డ్రాగన్ ఉన్నది. పేరుకు డ్రాగనే గాని అది మన ఉడుము వంశానిదే. బల్లి జాతులన్నింటిలోనూ అదే పెద్దది. పూర్తిగా ఎదిగితే పది అడుగులదాకా సాగుతుంది. 'సుంబావా' అనే ఆ జంతువు ఒక స్త్రీ చేతినుంచి కోడిని, గుడ్లను, పావురాన్ని అందుకొని మింగింది. గొంతులో ముద్ద దిగుతున్నంతసేపూ ఆమె దానిని నిమురుతూనే ఉన్నది.

ఆమె జోన్ ప్రోక్టర్. వయస్సు 31. ఆ జూలో సరీసృపాల విభాగానికి అధిపతి. బడిలో చదువుకునే రోజులలోనే చిన్న మొసలిని పెంచి, దానిని లెక్కల తరగతికి తీసుకువెళ్ళిన ఘనత ఆమెది! ఉపాధ్యాయుల సంగతి ఊహించుకోవలసిందే. చిన్ననాటినుంచీ వదలని ఉదరవ్యాధి వల్ల కేంబ్రిడ్జి చదువు ఆమెకు దక్కలేదు.

కొమోడో డ్రాగన్‌ను శాస్త్రలోకానికి పరిచయం చేసినది 1912లో పీటర్ ఔవెన్స్. 1926లో అమెరికన్ యాత్రికుడు డగ్లస్ బర్డెన్ రెండింటిని సజీవంగా న్యూయార్క్ చేర్చాడు. అవి ఎంతోకాలం బ్రతకలేదు. మరుసటి సంవత్సరం మరి రెండు లండన్ వచ్చాయి. చలి, పొగమంచు నిండిన ఆ నగరంలో ఇవి మాత్రం నిలుస్తాయని నమ్మకమేమిటి?

నమ్మకమంతా ఇంటి మీదనే. 1927లో తెరచిన సరీసృపశాలకు ప్రోక్టర్ స్వయంగా రూపకల్పన చేశారు. ఉడుము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఎండకు వచ్చి కాచుకుంటుంది, వేడి ఎక్కువైతే నీడకు పోతుంది. కొమోడో జంతువుకు ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటే హాయి. కనుక గది అంతటా ఒకే వెచ్చదనం పరచితే చాలదు. వేడి చోటూ చల్లని మూలా రెండూ ఉండాలి, ఎంపిక జంతువుది కావాలి. విద్యుత్తుతో ఆ తేడాలు కల్పించారు. ఎముకల బలానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను మామూలు అద్దం అడ్డగిస్తుంది గనుక, వాటిని లోనికి రానిచ్చే 'వైటా' అద్దాలు బిగించారు. సందర్శకులు నిలిచే వసారాను చీకటిగా ఉంచి, వెలుగంతా జంతువుల వైపే ప్రసరింపజేశారు.

ఇది చదివి పెరట్లో ఉడుమును పెంచాలని ఎవరికైనా సరదా పుడితే, మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని నేరంగా పరిగణిస్తుందని గుర్తుంచుకోవాలి. పైగా కొమోడో జంతువు సాధువేమీ కాదు. అడవిలో మనుషులను చంపిన సందర్భాలున్నాయి. సుంబావా సాధుత్వం దాని నైజమా, ఆమె చేతి గుణమా, ఒంటికి సుఖమైన ఇల్లు దొరికిన తృప్తియా అన్నది తేల్చడం కష్టం. మూడవదాని పాలు తక్కువ కాదనిపిస్తుంది.

ప్రోక్టర్ దానిని తోకపట్టి దారి మళ్ళిస్తూ జూ అంతా త్రిప్పేవారు. నడిచే శక్తి సన్నగిల్లిన చివరి సంవత్సరాలలో విద్యుత్ చక్రాల కుర్చీలో కదిలేవారు. ప్రక్కన సుంబావా నడిచేది. 1931లో, 34వ ఏట, ఆమె కన్నుమూశారు. ఆమె కట్టించిన ఇంట్లో సరీసృపాలు 2020 దశకం వరకు కాపురమున్నాయి.