గుర్రాలు మార్చేలోగా భోజనం!

రైలు ఆగగానే టీ కోసం దిగి, అది కదిలేసరికి గ్లాసు వదిలేసి పరిగెత్తిన అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. ఒకప్పుడు ఇంగ్లాండులో గుర్రబ్బళ్ళ ప్రయాణికులదీ ఇదే అవస్థట!

మా అక్క కూతురు అక్కడ కాపురముంటోంది. నేను వెళ్ళినప్పుడు స్టాంఫర్డ్ అనే సంత ఊరు చూపించింది. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పాత రాజమార్గం మీద ఉందా ఊరు. అక్కడ 'జార్జ్' అనే సత్రం ఉంది. సత్రమంటే మన ధర్మసత్రం కాదండోయ్, డబ్బిచ్చి దిగాల్సిందే! 1597లో లార్డ్ బర్లీ కట్టించాడు. దాని బోర్డు తోరణంలా రోడ్డుకు అడ్డంగా ఉంటుంది. లోపల ఒక తలుపు మీద 'లండన్', ఇంకోదాని మీద 'యార్క్' అని రాసుంటుంది. ఎటు వెళ్ళేవాళ్ళు ఆ గదిలో బండి కోసం కూర్చునేవారన్నమాట. రోజుకు అటు ఇరవై, ఇటు ఇరవై బళ్ళు ఆగేవట.

1784లో తపాలా బళ్ళు మొదలయ్యాక వేగం ఇంకా పెరిగింది. ప్రతి పది, పదిహేను మైళ్ళకూ గుర్రాలను మార్చాలి. డబ్బున్నవాళ్ళు బండి లోపల, లేనివాళ్ళు పైకప్పు మీద వానలో, చలిలో. భోజనానికి ఆపినా ఇరవై నిమిషాలే. నోరు కాలేంత వేడిగా వడ్డించి, తినకుండానే లేచిపోయేలా చేసేవారని కొన్ని సత్రాల మీద నింద కూడా ఉండేది!

జార్జ్ గోడ మీద డేనియల్ లాంబర్ట్ చిత్రపటం చూశాను. సుమారు 335 కిలోల బరువుండే ఆయన 1809లో ఇదే ఊళ్ళో ఇంకో సత్రంలో చనిపోయాడు. ఆయన బరువు లెక్క ఇప్పటికీ భద్రంగా ఉంది. మరి వేళాపాళా లేకుండా దిగేవాళ్ళకి వండివార్చి, పక్కలు వేసిన ఆడవాళ్ళ పేర్లో? నేనెంత వెతికినా ఒక్కటీ కనబడలేదు.

అందరూ అలా మరుగున పడిపోలేదు లెండి. లండన్ స్నోహిల్‌లోని 'సారసెన్స్ హెడ్' సత్రాన్ని 1818లో భర్త పోయాక శారా మౌంటెన్ చేతిలోకి తీసుకుని, బళ్ళు నడపడమే కాదు, తయారు కూడా చేయించింది. నాకు మన పూటకూళ్ళమ్మలు గుర్తొచ్చారు. దిక్కులేనప్పుడు వాళ్ళనీ నిలబెట్టింది గరిటే కదా!

తర్వాత రైళ్ళొచ్చాయి. 1850ల్లో ఉత్తరాది ప్రధాన మార్గం స్టాంఫర్డ్‌ని వదిలేసి పీటర్‌బరో మీదుగా వెళ్ళిపోయింది. బళ్ళతోపాటే గుర్రాల కాపరులకూ, పనిమనుషులకూ బతుకుతెరువు పోయింది. ఊరు ఎదగలేదు, కాబట్టే పాత రాతి ఇళ్ళు కూల్చే అవసరం రాలేదు. 1967లో దేశంలోకెల్లా మొదటి సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

'యార్క్' తలుపు పక్కన కూర్చుని కాఫీ తాగాను. ఆ రోజు నన్నెవరూ తొందరపెట్టలేదు. లేచేముందు, కప్పు తీసుకెళ్ళిన అమ్మాయి పేరు మాత్రం అడిగి తెలుసుకున్నాను.