స్నానానికి సబ్బు బిళ్లా, సీసాలో ద్రవమా?

రెండు నెలల కిందట ఉక్కునగరంలో తొమ్మిదో తరగతికి పాఠం ముగించి సుద్దముక్క కింద పెడుతుండగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మాస్టారూ, మా ఇంట్లో వారం రోజులుగా ఒకటే తగువు. అన్నయ్య స్నానానికి బాడీ వాష్ సీసా తెచ్చాడు. సబ్బు చర్మాన్ని పాడుచేస్తుందంటాడు. మా మామ్మేమో, ఆ జారుడు నీళ్లకి అంత డబ్బేటి, సబ్బు బిళ్లకేటి తక్కువైంది అంటుంది. ఎవరి మాట నిజమండీ?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్నగారు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తారు. ఆయన చేతులు బీటలువారి, వేళ్ల సందుల్లో నెత్తురు చెమ్మ కనిపిస్తోందట. అన్నంలో పచ్చడి కలుపుకుంటే ఒకటే మంటట. "నాన్న చేతులకి ఏది మంచిదో చెప్పండి" అన్నదే ఆమె అసలు ప్రశ్న. అంతలో గంట కొట్టేశారు. నిలబడి రెండు మాటల్లో చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. మీరు కూడా చిటికెడు పసుపు, రెండు గాజు గ్లాసులు దగ్గర పెట్టుకుని చదవండి.

మొదట సబ్బు సంగతి చూద్దాం. కొబ్బరినూనె, పామాయిలు వంటి నూనెను కాస్టిక్ సోడా ద్రావణంతో కలిపి ఉడికిస్తే సబ్బు, గ్లిసరిన్ వస్తాయి. ఈ చర్యకు సపోనిఫికేషన్ అని పేరు. సబ్బును మనుషులు వేల ఏళ్లుగా వండుతూనే ఉన్నారు గాని, కొవ్వులో ఏముందో, అది సబ్బుగా ఎలా మారుతుందో తేటతెల్లం చేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రెల్. ఆయన గ్రంథం 1823లో వెలువడింది. కాస్టిక్ సోడాకు బదులు కాస్టిక్ పొటాష్ వాడితే బిళ్ల కట్టని మెత్తటి సబ్బు వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

సబ్బు అణువును చెరువులోని తోకకప్పలా ఊహించుకోండి. దాని తలకు నీళ్లంటే ఇష్టం. పొడుగాటి తోకకు నీళ్లు గిట్టవు, నూనె అంటే ఇష్టం. మీ మోచేతి మీద చెమట, జిడ్డు, దానికి అంటుకున్న బొగ్గు నుసి ఉన్నాయనుకోండి. ఉత్త నీళ్లు పోస్తే జారిపోతాయే గాని జిడ్డును కదిలించలేవు. సబ్బు రుద్దగానే వేలకు వేల తోకలు జిడ్డులోకి దిగబడతాయి, తలలు బయట నీటిలో ఉండిపోతాయి. జిడ్డు చిన్న చిన్న ఉండలుగా విడిపోయి, చుట్టూ తలలు మొలిచిన బంతులవుతుంది. ఈ బంతులనే మైసెల్‌లు అంటారు. చెంబుడు నీళ్లు పోయగానే అవి కొట్టుకుపోతాయి.

ఇప్పుడు సీసా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మొట్టమొదటి పేరు నీరు. తరువాత చాలా సీసాల మీద సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్ అనే నోరు తిరగని పేర్లు కనిపిస్తాయి. ఆ వెనుక ఉప్పు, సిట్రిక్ ఆమ్లం, చెడిపోకుండా ఉంచే మందు, పరిమళం, రంగు. భయపడకండి. ఆ మొదటి రెండు పేర్లూ మన తోకకప్పలే, తల మాత్రం వేరు. సబ్బు తల కార్బాక్సిలేట్, లారెత్ తల సల్ఫేట్. తోకలు చాలావరకు కొబ్బరి, పామ్ గింజల నూనె నుంచి వచ్చినవే. వీటిని సంశ్లేషిత డిటర్జెంట్లు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొవ్వులకు కరువొచ్చిన జర్మనీలో ఇలాంటి పదార్థాల కోసం వెతుకులాట ఊపందుకుంది. అన్నట్టు, ద్రవం చిక్కగా ఉంటే సరుకు ఎక్కువుందని మురిసిపోకండి. ఈ ద్రవాలకు కొంచెం ఉప్పు కలిపితే చాలు, చిక్కబడతాయి!

కాబట్టి అసలు తేడా బిళ్లకూ ద్రవానికీ మధ్య కాదు, సబ్బుకూ డిటర్జెంటుకూ మధ్య. కాస్టిక్ పొటాష్‌తో చేసిన ద్రవ సబ్బు సీసాలో ఉన్నా సబ్బే. అలాగే సంశ్లేషిత డిటర్జెంటుతో అచ్చుపోసిన బిళ్లలూ ఉన్నాయి, వాటిని సిండెట్ బార్లు అంటారు. మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోవడం ఎలా? దీనికి ప్రయోగశాల అక్కరలేదు. పసుపులో కొంచెం నీళ్లు కలిపి తెల్లకాగితానికి పూసి ఆరనివ్వండి. సబ్బు నురగ ఒక చుక్క వేయండి. ఇటుక రంగు మచ్చ పడుతుంది. చొక్కా మీద పడిన పప్పు మరక సబ్బు రాయగానే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది. పక్కనే బాడీ వాష్ చుక్క వేయండి. చాలా సీసాల విషయంలో కాగితం పసుపుపచ్చగానే ఉండిపోతుంది, ఎందుకంటే సిట్రిక్ ఆమ్లం కలిపి దాని పి.హెచ్.ను 5, 6 ప్రాంతానికి దించి ఉంచుతారు. మామూలు సబ్బు నీటి పి.హెచ్. 9 నుంచి 10.

ఈ అంకెలతో చర్మానికేం పని? చర్మం పైపొర మృతకణాలతో కట్టిన గోడ. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వులు సున్నం. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే మిగతా ఒంటి మీద ఈ గోడ మందం మిల్లీమీటరులో నూరోవంతు, రెండు వంతులే. మీ నోటుపుస్తకం కాగితం అంతకంటే చాలా మందం. ఈ గోడపై పి.హెచ్. 5కు అటూ ఇటూ ఉంటుంది, అంటే కొద్దిగా ఆమ్లం. 1928లో షాడే, మార్కియోనీని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఆమ్ల కవచం అని పేరు పెట్టారు. పి.హెచ్. 5 నుంచి 9కి పోవడం చిన్న విషయం కాదు. మెట్టుకు పది రెట్ల చొప్పున నాలుగు మెట్లు, అంటే పదివేల రెట్లు! అయినా ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో తన పి.హెచ్.ను తానే సర్దుకుంటుంది. అందుకే సబ్బుతో పెరిగిన మనందరి చర్మాలూ ఊడిపోలేదు. పొడిచర్మం, తామర ఉన్నవాళ్లకు మాత్రం ఈ సర్దుబాటు కష్టం. వాళ్లకు పి.హెచ్. తక్కువున్న సిండెట్ బిళ్ల గాని, పరిమళం లేని మృదువైన ద్రవం గాని మేలు.

అన్నయ్య గెలిచాడా? పూర్తిగా కాదు. పి.హెచ్. ఒక్కటే చూస్తే మోసపోతాం. లారెత్‌కు దగ్గరి చుట్టమైన సోడియం లారిల్ సల్ఫేట్ ఎంత ఘాటైనదంటే, చర్మం ఎంత మంటెక్కుతుందో పరీక్షించడానికి వైద్య పరిశోధకులు దాన్నే కొలబద్దగా వాడతారు. లారెత్ అంతకంటే మృదువు, పక్కన బీటైన్ చేరితే ఇంకా మృదువు. కాని ఏ తోకకప్పకైనా మురికి జిడ్డుకూ, గోడలోని సున్నానికీ తేడా తెలియదు. దొరికిన కొవ్వునల్లా పట్టుకుపోతుంది.

ఇక నీటి సంగతి. ఉక్కునగరానికి నీళ్లు ఏలేరు నుంచి కాలువ మీదుగా కణితి జలాశయానికి చేరి వస్తాయి. ఇలాంటి ఉపరితల జలం బోరు నీటికంటే సాధారణంగా మృదువుగా ఉంటుంది. గాజువాక వైపు బోరు నీళ్లు వాడే బంధువుల ఇంట్లో స్నానం చేసి చూడండి, బకెట్ అంచున తెల్లటి తెట్టు కట్టినా కట్టవచ్చు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని లవణాలవుతాయి. అదే ఆ తెట్టు. అది అయ్యేదాకా నురగ రాదు, సబ్బంతా దండగ. డిటర్జెంటు తలకు ఈ బాధ చాలా తక్కువ.

ఈసారి అప్పికొండ తీరానికి వెళ్లినప్పుడు ఒక సీసాడు సముద్రపు నీళ్లు పట్టుకురండి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు, అందులో మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు ఉంటాయి. ఒక గ్లాసులో సబ్బు తురుము, రెండో గ్లాసులో బాడీ వాష్ చుక్క వేసి కలపండి. మొదటి దానిలో విరిగిన పాలలా తునకలు తేలతాయి. దీనికి రెండో కారణం ఉప్పు. సబ్బు వండేవాళ్లు ద్రావణంలోంచి సబ్బును వేరుచేయడానికి వేసేది కూడా ఉప్పే. మరి మంచినీళ్లు కొలిచి వాడుకునే పాతకాలపు ఓడల్లో నావికులు ఏంచేసేవారు? కొబ్బరినూనెతో చేసిన ప్రత్యేకమైన సబ్బు వాడేవారు. దాని తోక పొట్టిది, ఉప్పునీటిలోనూ కొంత కరుగుతుంది.

మామ్మ గెలిచే చోటు ఒకటుంది. కుంకుడు రసాన్ని పసుపు కాగితం మీద వేయండి, ఎర్రబడదు. బోరునీటిలో గిలకొట్టండి, నురగ వస్తుంది. అందులోని సపోనిన్లు అడవి తయారుచేసిన తోకకప్పలు. పాడేరు, అరకు వైపు గిరిజనులు ఏరిన కుంకుడుకాయలను విశాఖలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది. కళ్లలో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

అందరూ తాకే బిళ్ల మీద సూక్ష్మజీవులుంటాయి కదా అని ఒక కుర్రవాడు అడిగాడు. ఉంటాయి. 1988లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బిళ్లలకు కావాలనే బాక్టీరియా పూసి 16 మంది చేత చేతులు కడిగించారు. కడిగిన తరువాత వాళ్ల చేతుల మీద ఆ బాక్టీరియా జాడ కనబడలేదు. నీళ్లు ఇంకే పెట్టెలో బిళ్లను ఆరనిస్తే చాలు. సీసాలవాళ్లు మరో పొరపాటు చేస్తారు. అడుక్కి వచ్చాక నీళ్లు పోసి గిలకొట్టి పదిరోజులు లాగిస్తారు. అప్పుడు చెడిపోకుండా కాపాడే మందు పలచనై, లోపల బాక్టీరియా పెరగవచ్చు. "క్రిములను చంపును" అనే ప్రకటనల విషయానికొస్తే, ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలు కలిపిన ఇలాంటి సబ్బులను, ద్రవాలను అమెరికా ప్రభుత్వ సంస్థ 2016లో నిషేధించింది. మామూలు సబ్బు కంటే అవి మెరుగని తయారీదార్లు రుజువు చేయలేకపోయారు.

డబ్బు లెక్క మీరే చేయండి. బిళ్ల రేపరు మీదా, సీసా మీదా తెరిచిన తేదీ రాసి, ఎన్ని స్నానాలకు వచ్చిందో గుర్తించి ధరను భాగించండి. 250 మిల్లీలీటర్ల సీసా నుంచి స్నానానికి 8 మిల్లీలీటర్లు తీశారనుకుంటే ఒక మనిషికి 31 రోజులు. సీసాలో చాలావరకు మీరు కొనేది నీళ్లనే. రేపరు మీద టి.ఎఫ్.ఎం. అనే అంకె కూడా చూడండి, అది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. మన దేశ ప్రమాణాల ప్రకారం మొదటి గ్రేడు టాయిలెట్ సబ్బుకు కనీసం 76 శాతం, రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60 ఉండాలి. "బేదింగ్ బార్" అని రాసి ఉంటే 40 ఉన్నా చాలు. అయితే 76 ఉన్న సబ్బు కూడా పసుపును ఎర్రబరుస్తుందని మరిచిపోకండి.

మరి ఆ నాన్నగారి చేతులు? పని ముగించాక దేనితో కడుక్కుంటారో కనుక్కురమ్మన్నాను. మరునాడు వచ్చి చెప్పింది: ముందు కిరసనాయిలు, తరువాత బట్టలుతికే పొడి. అసలు దొంగ దొరికాడు! కిరసనాయిలు గోడలోని కొవ్వును కరిగిస్తుంది. బట్టల పొడిలోని వాషింగ్ సోడా సబ్బు కంటే బలమైన క్షారం, దాని పలుకులు బీటలను గీరతాయి. ఇంట్లో బిళ్ల వాడినా సీసా వాడినా, సాయంత్రం ఆటోనగర్‌లో జరిగే ఈ పని ఆగకపోతే ఫలితం లేదు. నూనెను నూనె కరిగిస్తుంది. అందుకని ముందు చెంచాడు కొబ్బరినూనె చేతులకు రుద్ది, గ్రీజు వదిలాక గుడ్డతో తుడిచి, అప్పుడు మృదువైన ద్రవంతో కడిగి, తడి ఆర్చి మళ్లీ రెండు చుక్కల నూనె రాసుకోమన్నాను. లేతు తిరుగుతుండగా మాత్రం చేతి తొడుగులు వేసుకోవద్దన్నాను, చిక్కుకుంటే చెయ్యే పోతుంది. లేతు మీద పోసే నూనెలు పడక కూడా బీటలు రావచ్చు, కనుక కె.జి.హెచ్.లో చర్మవైద్యులకు చూపించమన్నాను.

చూపించారట. మందు రాసిచ్చి, కిరసనాయిలు ముట్టుకోవద్దన్నారట. వేళ్ల సందులు మూసుకుంటున్నాయని పోయిన వారం ఆ అమ్మాయి చెప్పింది. అన్నయ్య సీసా ఖాళీ అయిందట. మామ్మ దాన్ని పారేయనివ్వకుండా శుభ్రంగా కడిగి ఎండబెట్టి, కొబ్బరినూనె పోసి నాన్నగారి కారేజీ సంచీలో పెట్టిందట.